రైలు ఆగింది, నాయకుడు రాలేదు

మైకు చేతిలో ఉన్నవాడికి బుర్రతో పనిలేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. పెళ్ళయినా, జాతరైనా, చావైనా మా ఊళ్ళో మైకు సెట్టు నాదే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ నేను ‘మైకు’నే. కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు సిపాయిల రైళ్ళు మా స్టేషన్లో కాసేపు ఆగి పైకి పోయేవి. మా వీధి ఆడవాళ్ళు వాళ్ళకు తిండి పెట్టాలనుకున్నారు. ఆ సంగతిని ఊరు ఇప్పటికీ తప్పుగా చెప్పుకుంటుంది. ఆడవాళ్ళు వంట తెమల్చలేకపోయారట, మా పెద్దమ్మ చేతి కూడు సిపాయిలకు దక్కకపోబట్టే ఆమె కొడుకు తిరిగి రాలేదట. అబద్ధం. వంట వేళకే అయింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. కంబదూరు నుంచి వచ్చి మా వీధిలో ఉండేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు, మా అన్న, అప్పటికే యుద్ధంలో ఉన్నాడు. “ఈడ నేను ఎవురి బిడ్డకో ఇంత పెడితే, ఆడ ఎవురో తల్లి నా బిడ్డకి పెడ్తాదిలేప్పా,” అనేది. ఆమె నమ్మకమంతా అదే. ఆ ఏడు ముంగారు వాన, అదే తొలకరి, పడలేదు, విత్తనానికని దాచిన శనక్కాయలు మూటల్లోనే ఉండిపోయాయి. (మా సీమలో విత్తనపు మూట విప్పడమంటే ఇల్లు అమ్ముకోవడానికి ఒక్క మెట్టు ముందు.) పెద్దమ్మ ఆ మూట విప్పి, కాయలు వలిచి ఊరుబిండి పచ్చడి నూరింది. తక్కిన ఇళ్ళనుంచి చిత్రాన్నం, ఓళిగలు (మీ బొబ్బట్లే) గంపల్లో వచ్చాయి.

నేను ఊరికే ఉండుంటే బాగుండేది. ఉండలేదు. తిండి పెట్టడాన్ని సభ అనుకుని, ప్లాట్‌ఫారం మీద షామియానా వేయించి, ఊరి నాయకుణ్ణి ముఖ్య అతిథిగా పిలిచాను. “తొలి ఆకు నాయకుడే అందించాల. అంతవరకూ ఎవురూ గంప మీద గుడ్డ తీయొద్దు!” అని మైకులో హెచ్చరించాను. (ముఖ్య అతిథి రానిదే మా ఊళ్ళో టెంకాయ కూడా పగలదు మరి.)

రైలు వచ్చి ఆగింది. కిటికీల నిండా కుర్రవాళ్ళు, వాసనకు బయటికి వంగి చూస్తున్నారు. నాయకుడి జాడ లేదు. నేను “వీర సైనికులారా!” అని అందుకున్నాను. వాళ్ళలో తెలుగు వచ్చినవాడు ఒక్కడూ ఉన్నట్టు లేదు. ఒకడు ఖాళీ పళ్ళెం ఎత్తి చూపించాడు. నేను వంగి నమస్కారం పెట్టాను.

“ఒరే మైకూ, రైలు పోతాదిరా! పెట్టేస్తాం!” పెద్దమ్మ అరిచింది.

“వస్తాండాడు పెద్దమ్మా, సర్కిల్ దాటినాడంట!”

“ఆకలి ఆయప్పకా, వీళ్ళకా రా?”

నేను గంపకు అడ్డంగా నిలబడ్డాను. ఆమె నన్ను తోసేసి, ఓళిగలు పట్టుకుని పరిగెత్తేసరికి రైలు కదిలింది. చివరి పెట్టె దాటిపోయేదాకా చెయ్యి చాచుకునే పరిగెత్తింది. ఒక్కటీ అందలేదు. కాసేపటికి నాయకుడు జీపు దిగాడు, సిపాయిలకని తెచ్చిన దండ తానే వేయించుకున్నాడు, చిత్రాన్నం బాగుందని మారు అడిగి తిన్నాడు.

ఆ నెల తిరక్కుండానే అన్న పోయాడని కబురొచ్చింది. వీధంతా పెద్దమ్మ చేతినే తప్పుపట్టింది. ఊరంతా వినేలా అరవగల నేను అప్పుడు నోరు విప్పలేదు. ఆమె కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఇన్నేళ్ళకు మొన్న ఆమె దగ్గరికి వెళ్ళి, “పెద్దమ్మా, తప్పు నాదని అందరికీ చెప్తా,” అన్నాను.

“చెప్పుకోప్పా. చెప్తే ఆ రైలు ఎనక్కి వస్తాదా?” అంది. మళ్ళీ తానే, “మావాడు ఆ ఆఖరి పొద్దు తినే పోయింటాడా రా?” అని అడిగింది.

ఆమె లేచి లోపలికి పోయి, వేడి సంగటి, పప్పు తెచ్చి నా ముందు పెట్టింది. “తిను ముందు,” అంది. బట్టతల, బొజ్జ, జేబులో షుగరు మాత్రలు, ఇన్ని పెట్టుకుని చిన్నపిల్లవాడిలా వేళ్ళు నాకుతూ తిన్నాను. ఆమె నా చేతినే చూస్తూ కూర్చుంది. తిన్నది చాలదనుకుందేమో, ఇంకో ముద్ద తెచ్చింది. వద్దని చెయ్యి అడ్డం పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాను.