మిరప కల్లంలో మెహర్ ఆపా

ఖమ్మంలో మాది గాజుల కొట్టు. అబ్బాకు మోకాళ్లు పట్టేశాక మా అక్క మెహరే కూర్చుని గాజులు తొడిగేది. బిగుతు గాజు చెయ్యి దాటేదాకా ఇద్దరి చూపూ ఆ చేతి మీదే ఉంటుంది. ఆ కాసేపట్లోనే ఆడవాళ్లు ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనివి ఆమెకు చెప్పేసేవాళ్లు. ఆపా తలెత్తేది కాదు. "ఊఁ, తర్వాత?" అనేది, అంతే.

తర్వాత ఆమె దూరవిద్యలో సైకాలజీ చదివి, హైదరాబాదులో శిక్షణ పొంది, టేకులపల్లిలో ఒక ట్రస్టు నడిపే చిన్న దవాఖానాలో కౌన్సెలర్‌గా చేరింది. నేను అక్కడే బడిపంతులుని. ఒకే కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఆపా పోయి ఈ వానాకాలానికి ఏడాది. గుర్తున్నంతలో రాస్తున్నాను.

హీరాలాల్ సంగతి ఆమె నాకు ఎన్నడూ చెప్పలేదు. గదిలో విన్న మాట గడప దాటించే మనిషి కాదు. కొంత నేను కళ్లారా చూశాను. మిగతాది హీరాలాలే చెప్పి, "రాయండి సార్, నాకేం గాదు" అన్నాడు.

అతనిది దగ్గరి తండా. ముప్పై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి ఎవరి కళ్లలోకీ చూడడు. డప్పు మోగితే చెవులు మూసుకుంటాడు. మాట అంటే మాటే, దాని వెనక ఇంకో అర్థం ఉంటుందని అతనికి తోచదు. అతనితో ఎలా మసలాలో తల్లి సోమ్లికి ఒక్కతెకే తెలుసు. 2005లో మిరప కోతల రోజుల్లో ఆమె హఠాత్తుగా చనిపోయింది. ఆ తర్వాత హీరాలాల్ చేనుకు పోవడం మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. వానలు తగ్గాక అన్న తుల్సీరాం అతన్ని హైదరాబాదు తీసుకుపోయాడు. పుట్టుక నుంచీ ఉన్నది ఆటిజమనీ, ఇప్పుడు పట్టుకున్నది డిప్రెషన్ అనీ అక్కడి డాక్టరు చెప్పాడు. మాత్రలు రాసి, దగ్గర్లో కౌన్సెలర్ ఉంటే వారం వారం మాట్లాడించమన్నాడు. ఆటిజం అనే మాట మా వైపు అప్పటికి చిన్నపిల్లల విషయంలో కూడా అరుదుగానే వినిపించేది.

వాళ్లు మొదటిసారి వచ్చిన రోజు ఆపాకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లి నేను వరండాలో ఉన్నాను.

"మేడం, సూది గిట్ల ఏం ఇయ్యరా?" అన్నాడు తుల్సీరాం.

"ఇయ్యను."

"మరేం చేస్తరు?"

"మాట్లాడ్త."

"వాడేమో మాట్లాడడు, మీరేమో సూది ఇయ్యరు. మంచిగనే ఉన్నది జోడి!" అని తుల్సీరాం బెంచీ మీద కూలబడ్డాడు.

ఆ రోజు గదిలో ఆపా చుట్టు తిప్పకుండా అడిగిందట, చచ్చిపోవాలనిపిస్తుందా అని. "అనిపిస్తది" అన్నాడు హీరాలాల్. అప్పటిదాకా ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఈ సంగతి చెప్తానని ముందు అతనికి చెప్పాకే ఆమె తుల్సీరాంను లోపలికి పిలిచింది. చేను మందుల డబ్బాలు ఆ రోజే ఇంట్లోంచి తీసేయించింది. అతన్ని ఒంటరిగా వదలొద్దంది.

కానీ ఆ తర్వాత మాట ముందుకు సాగలేదు. "మనసుల ఎట్లున్నది?" అంటే "తెల్వదు". "అమ్మ గుర్తొస్తదా?" అంటే "అవ్". అంతే. వారాలు గడిచాయి, మనిషి ఇంకా చిక్కిపోయాడు. ఆపా ఇంటికొచ్చి అన్నం ముందు ఊరికే కూర్చునేది.

అప్పుడే ఆమె ఒక తప్పు చేసింది. తండాలో మనిషి పోతే ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాళ్ల మంచితనం రాగం తీసి చెప్తూ ఏడుస్తారు. తల్లి పోయిన రోజు హీరాలాల్ ఆ ఏడుపులో లేడు. ఆ దుఃఖం లోపలే గడ్డకట్టిందని, ఒక్కసారి బయటికొస్తే తేలికపడతాడని ఆపా అనుకుంది. అతని చిన్నమ్మ బాలితో మాట్లాడింది. బాలి సంతోషంగా ఒప్పుకుని, ఇంకొందరు ఆడవాళ్లను కూడగట్టుకుని, హీరాలాల్ మెడ పట్టుకుని సోమ్లి పేరు ఎత్తి రాగం తీసింది. అతను చెవులు మూసుకుని, అందరినీ తోసేసి అడవిలోకి పరుగెత్తాడు.

కబురు అందగానే ఆపాను స్కూటర్ మీద తీసుకెళ్లాను. సాయంత్రానికి టేకు ప్లాంటేషన్‌లో దొరికాడు, చెట్టుకు వీపు ఆనించి కూర్చుని. నేను దారి మీదే ఆగిపోయాను. ఆపా కొంచెం ఎడంగా, అతను చూసే వైపే చూస్తూ కూర్చుంది.

"హీరాలాల్, నేను తప్పు చేసిన. నిన్ను అడగకుండ చేసిన."

టేకాకు ఒకటి చప్పుడు చేస్తూ రాలింది.

"అవ్. తప్పే" అన్నాడు.

"ఇంకోసారి నిన్ను అడగకుండ ఏం చెయ్య."

"నిజంగనా?"

"నిజంగ."

"మీ గదిల ట్యూబ్‌లైట్ మొత్తుకుంటది."

"ఏంది?"

"ట్యూబ్‌లైట్. గది మొత్తుకుంటుంటే మీ మాట ఇనబడదు."

మర్నాడు ఆపా ఫ్యాను ఆపి, తలుపు మూసి గదిలో ఒక్కతే కూర్చుంది. బయటికొచ్చి "నిజమేరా బషీర్, అది మొత్తుకుంటుంది" అని నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. రాత్రి అన్నాల దగ్గర ఉన్నట్టుండి, "మన కొట్లో ఎవరైనా నా మొహం చూస్తూ మాట్లాడారా?" అంది.

ఆ వారం నుంచి గది లేదు. హీరాలాల్‌ను అడిగి, అతను సరే అన్నాక, తండా కల్లంలోనే కలవడం మొదలైంది. మళ్లీ కోతలు వచ్చాయి. అతను ఎండిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరేవాడు. ఆపా పక్కన కూర్చుని తనూ ఏరేది. ఇద్దరి చూపూ కాయల మీదే.

"దవాఖానా మేడం కూలికొచ్చిందే! ఎర్రకాయల తాలు కల్పుతున్నది సూడుండ్రి" అని దూరం నుంచి బాలి అరిచేది.

"కూలి ఇయ్యకు చిన్నమ్మా, కూర ఇయ్యి చాలు" అనేది ఆపా.

బాధ ఎంతుందో మాటల్లో చెప్పడం హీరాలాల్‌కు చాతకాలేదు. ఒకరోజు అతనే ఒక తాలుకాయ తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇయ్యాల గిట్లున్నది."

"నిన్న?"

"తాలే. పొద్దున బర్రెల కాడ మాత్రం జర ఎర్రగుండె."

"అయితే రేపు గూడ బర్రెల కాడికి పోతవా?"

"పోత."

అలా నడిచింది వైద్యం. మాత్రలు ఒక పక్క, బర్రెలు ఒక పక్క. అన్నం తినడం మొదలుపెట్టాడు. అయినా లోపల ఒకటి మిగిలే ఉంది. ఒకనాడు దానంతట అదే బయటికొచ్చింది.

"నాకు యాడి మీద ప్రేమ లేదు. అందరు అన్నరు" అన్నాడు. తండాలో అమ్మను యాడి అంటారు.

"ఎందుకన్నరు?"

"ఆళ్లు ఏడుస్తుంటె నేను కల్లానికి పోయిన. తల్లి పోతె మిరపకాయలు సూసుకున్నడు అన్నరు."

"కల్లంల ఏం చేసినవ్?"

"మబ్బు పట్టింది. ప్లాస్టిక్ పట్టా కప్పిన. యాడి కోసిన కాయలు. తడిస్తె బూజు పడ్తయి."

"యాడి ఉంటే ఏం చేస్తుండె?"

"కప్పుతుండె."

ఆపా అంతటితో ఊరుకుంటే అతనికి అర్థం కాదు. అందుకే విడమరిచి చెప్పిందట: "నాకైతే అది ప్రేమ లెక్కనే కనబడుతుంది. ఆళ్లు ఏడ్చిన్రు, నువ్వు కప్పినవ్. నీకెట్ల కనబడుతుందో ఆలోచించి చెప్పు."

ఆలోచించమంది కదా, ఆలోచించాడు. మరుసటి వారం ఆమె చెప్పులు విడవకముందే ఎదురొచ్చి, "నిజమే" అన్నాడు. ఏది నిజమో గుర్తు తెచ్చుకోవడానికి ఆపాకు కాస్త టైం పట్టిందట. ఈ మాట చెప్తూ హీరాలాల్ నా ముందు నవ్వాడు.

ఆపాకు క్యాన్సర్ వచ్చాక కూడా, బస్సెక్కే ఓపిక ఉన్నన్నాళ్లు కల్లానికి వెళ్లింది. అతను కుదుటపడి చాలా కాలమైనా వెళ్లేది. 2009 వానల్లో ఖమ్మం ఇంట్లో పోయింది.

ఆ రోజు ఇల్లంతా ఏడుపు. నేను బయటికొస్తే గేటు దగ్గర తుల్సీరాం, అతని వెనక హీరాలాల్.

"బషీర్ సార్, నేను లోపలికి రాను, చప్పుడు ఎక్కువున్నది. ఏడ్వను గూడ. గాని నాకు బాధైతున్నది. బాధైతె చెప్పాలె అన్నది ఆపా" అన్నాడు, గోడ వైపు చూస్తూ.

తుల్సీరాం తమ్ముడి వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు. లోపలికి పిలిస్తే వెళ్లిపోయాను.

కాసేపటికి వాన దంచికొట్టింది. ఆపా జనాజాను భుజాలకెత్తే వేళకు తెరిపి ఇచ్చింది. చెప్పులన్నీ తడిసి కొట్టుకుపోయి ఉంటాయనుకుంటూ అందరం వాకిట్లోకి వచ్చాం. గోడ వారన ఒక పట్టా పరిచి ఉంది, గాలికి లేవకుండా అంచుల మీద ఇటుకలు. హీరాలాల్ పట్టా తీశాడు. కింద అందరి చెప్పులూ జత జతగా, పొడిగా ఉన్నాయి. ఆపావి కూడా ఒక చివర ఉన్నాయి. అతను మాత్రం నిలువునా తడిసిపోయాడు.

"ఎవరీయన? ఎవరో పోయినట్టే లేదు మొఖం" అన్నాడు మా మేనమామ నా చెవిలో.

"ఆపాకు బాగా కావలసినవాడు" అన్నాను.

హీరాలాల్ దగ్గరికి వెళ్లి, కళ్లలోకి చూడకుండా, అతని పక్కన నిలబడ్డాను. "ఎట్లున్నది హీరాలాల్?"

"తాలు, సార్. మొత్తం తాలు." పట్టా మడిచి చంకలో పెట్టుకున్నాడు. "రేపు బర్రెల కాడికి పోత."