పుర్రచేతి వైపు తలుపు

అమ్మమ్మను ఆ వీధిలో అందరూ పుర్రచెయ్యి అనేవారు. అన్నవాళ్ళలో సగం మందికి ఆ చేతి రుచి తెలుసు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆ చేతిని నాడాతో నడుముకు కట్టేసి, కుడిచేత్తో తినమంది. అమ్మమ్మ మూతి నేరుగా కంచంలో పెట్టి తినేసింది. బడిలో మాస్టారు బెత్తం విరిగేదాకా ఆ వేళ్ళ మీద కొట్టాడు. మూడో రోజు అమ్మమ్మ ఆయన బొటనవేలు కొరికింది. దాంతో ఆమె చదువూ, ఎడమచేతి మీద ఆయనకున్న కక్షా ఒకేసారి అయిపోయాయి. అన్ని దెబ్బలు తిని నిలబెట్టుకున్న చెయ్యి కనుక దాన్ని మొగుడికన్నా ముద్దుగా చూసుకునేది. తాత ఈ మాట ఒప్పుకోడు. కానీ చెయ్యి ఆమెకు ఏనాడూ ఎదురు చెప్పలేదు, తాత చెప్పేవాడు. తేడా అక్కడే ఉంది.

వాళ్ళిద్దరి పనీ ఆసుపత్రి దుప్పట్లు ఉడకబెట్టే లాండ్రీలో. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అమ్మమ్మ, అక్కణ్ణించి పొద్దుగూకేదాకా తాత. ఒకే తొట్టి, ఒకే పొయ్యి. తొట్టిలో నీళ్ళు తెర్లుతూనే ఉండాలి. చల్లారితే సబ్బు జిడ్డు గడ్డకట్టి దుప్పట్లకు పట్టేస్తుంది.

పాత ఇటుకల పొయ్యి కూలిపోయాక, ఓనరు కొత్త ఇనప పొయ్యి దింపించాడు. దాని కడుపు సన్నగా, లోతుగా, మూరన్నర పొడవుంటుంది. కట్టెను నిలువుగా వెనక గోడ దాకా తోయాలి, లేకపోతే తలుపు పడదు. విసిరితే లోపలి ఇటుకలు పగులుతాయి. అంటే చెయ్యి మోచేతి దాకా లోపలికి వెళ్ళాల్సిందే. తలుపుకు బందులు ఎడమవైపున ఉన్నాయి. తెరిస్తే అది కాలిన మొహం మనకేసి పెట్టుకుని ఎడమపక్కన నిలబడుతుంది. కుడిచేతి వాటం వాళ్ళకు దానితో పేచీ లేదు. పుర్రచేతి మనిషికి మాత్రం కట్టె కట్టెకూ మోచెయ్యి ఆ ఇనుముకు రాసుకోవలసిందే.

నెల తిరిగేసరికి ఆమె మోచేతి మీద వాతలు నిచ్చెన మెట్లలా వరసకట్టాయి. చివరిది చీము పట్టింది. మందు రాస్తూ కాంపౌండరు మొహం ముడిచాడు.

"ఇంకొక్కసారి ఈ కీలు మీద కాలిందంటే చర్మం ముడుచుకుపోతుందమ్మా. చెయ్యి ఎలా వంగి ఉందో అలాగే ఉండిపోతుంది. కుడిచేత్తో పెట్టుకోరాదూ?"

"నువ్వు ఎడమచేత్తో సూది గుచ్చగలవా?"

కాంపౌండరు కట్టు కట్టడంలో మునిగిపోయాడు.

ఆమె కుడిచేత్తో ప్రయత్నించకపోలేదు. కట్టె వంకరగా పడి ఇరుక్కుంది, తలుపు పడలేదు, గదంతా పొగ, తొట్టి చల్లబడింది. ఓనరు వచ్చి, చేతగాకపోతే ఇంకొకరిని చూసుకుంటానన్నాడు. అమ్మమ్మ తిన్నగా పొయ్యి చేసిన మేస్త్రి షెడ్డుకు వెళ్ళింది. అది రెండు వీధుల అవతల ఉంది. మేస్త్రి ఆంబోతులాంటి మనిషి.

"మేస్త్రీ, ఆ తలుపు బందులు కుడివైపుకి మార్చు."

"ఏమ్మా, పొయ్యి బాగానే మండుతోందిగా?"

"అది మండుతోంది, నన్నూ మండిస్తోంది." కట్టు విప్పి చూపించింది.

ఆయన నవ్వాడు. అది మొదటి తప్పు. "రెండొందల పొయ్యిలు చేశాను, ఒక్కళ్ళూ ఇలా అడగలేదు. పొయ్యి మారదమ్మా, చెయ్యి మార్చుకో" అన్నాడు. అది రెండోది.

చెంప ఛెళ్ళుమంది. ఎడమచేత్తో కొడితే దెబ్బ కుడి చెంప మీద పడుతుంది. అటునుంచి వస్తుందని ఎవరూ అనుకోరు కనుక తప్పించుకోరు. మేస్త్రి ఒక్క తోపు తోశాడు. అమ్మమ్మ ఇనప ముక్కల కుప్ప మీద పడింది. కనుబొమ చీలి నెత్తురు కంట్లోకి కారింది. పైటచెంగుతో తుడుచుకుని లేచింది. ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు, ఆమె ఆయన కుడి మణికట్టు పట్టుకుని వీపు వెనక్కి మెలిపెట్టింది. రోజుకు ఎనభై తడి దుప్పట్లు పిండే చెయ్యి అది. ఆంబోతు మేకపిల్లలా అరిచింది.

అలాగే రెండు వీధులూ నడిపించింది. ఎదురొచ్చిన ఒకావిడ ఆగిపోయి, "మేస్త్రిని ఎక్కడికి వదినా?" అంది.

"పనికి వదినా" అంది అమ్మమ్మ.

లాండ్రీలో పొయ్యి భగభగా మండుతోంది. అమ్మమ్మ కాలితో తలుపు తెరిచింది.

"కుడిచెయ్యి నా దగ్గరుంటుంది. ఎడమచేత్తో పది కట్టెలు పెట్టు, వదిలేస్తాను."

మొదటి రెండూ ఎలాగో పెట్టాడు. మూడోదానికి మోచెయ్యి తలుపుకు అంటుకుంది. చర్మం చుయ్యిమంది, కమురు కంపు కొట్టింది. నాలుగో కట్టె తీసి ఆమె ముంగాలి మీద బాదాడు. ఆమె చెయ్యి ఇంకో మెలిక తిప్పింది. ఆయన భుజంలో ఏదో టపుక్కుమంది, నాలుగోదీ లోపలికి పోయింది. అయిదో కట్టెకు మళ్ళీ కాలింది.

"మారుస్తానే తల్లీ! ఇవాళే మారుస్తాను!"

"ఇంకా అయిదున్నాయి."

ఆ అయిదూ పెట్టించే వదిలింది. బడి మానేసినా, పది అంటే పదేనని ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం పని ముగిశాక మేస్త్రి కుడిచెయ్యి మెడలో వేలాడేసుకుని, ఎడమచేతికి మందు రాసుకుని, దగ్గరుండి తమ్ముడి చేత బందులు మార్పించాడు. మర్నాడు పొద్దున అమ్మమ్మ చెయ్యి కాలకుండా అరవై కట్టెలు పెట్టింది. ఆమె పాడిన పాటకు తొట్టిలో నీళ్ళు మామూలుకన్నా ముందే తెర్లాయంటారు.

అయితే తాతది కుడిచేతి వాటం. అది ఎవరికీ గుర్తు రాలేదు. ఆ మధ్యాహ్నం నుంచి కాలడం ఆయన వంతయింది.

ఆ రాత్రి ఇంట్లో కంచాలు ఎగిరాయి. ఒకటి తాత నుదుటికి తగిలింది, ఒకటి గోడకు తగిలింది. గోడకు తగిలింది తాత విసిరినది. తెల్లారాక, అమ్మమ్మ పనిలో ఉండగా, తాత సుత్తీ ఉలీ పట్టుకుని లాండ్రీకి వచ్చాడు.

"జరగవే."

"జరగను."

"నా చెయ్యి కాలినా ఫర్వాలేదన్నమాట నీకు?"

"నెలంతా నాది కాలింది. ఒక్కరోజైనా దగ్గరకొచ్చి ఊదావా?"

  మాట దొరకని మొగాడి చేతిలో సుత్తి ఉండకూడదు. తాత దాన్ని బందు మీదికి ఎత్తి కొట్టాడు. అమ్మమ్మ ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. ఆఖరి క్షణంలో తాత మణికట్టు తిప్పాడు. సుత్తి పక్కకు పోయి తలుపు అంచుకు తగిలింది. పోత ఇనుము పగిలి, రెండు బందులూ ఊడి, ఎర్రటి తలుపు తాత పాదం మీద పడింది. వెనకే నిప్పులు నేలంతా దొర్లాయి. పక్కనున్న దుప్పట్ల మూట అంటుకుంది.

తాత కేక రెండు వీధుల అవతల షెడ్డులో మేస్త్రికి వినపడింది.

తలుపు ఎత్తాలి. పట్టకారు మంటకు అవతల ఉంది. అమ్మమ్మ తన రెండు చేతుల వంకా చూసుకుంది. ఎడమది వీపు వెనక దాచుకుని, కుడిచేత్తో ఆ ఇనుమును పట్టి లేపి గోడకేసి కొట్టింది. పోతే పనికిరానిదే పోతుందనుకుంది. అరిచేతి తోలు తలుపుకే ఉండిపోయింది. తర్వాత ఎడమచేత్తో బకెట్ పట్టి తొట్టిలో నీళ్ళు ముంచి ముంచి మంట మీద కుమ్మరించింది. కొన్ని తాత మీద కూడా పడ్డాయి. అవి కాగే నీళ్ళు. పొరపాటున పడ్డాయనే ఆమె ఇప్పటికీ అంటుంది.

తాత పాదంలో రెండు వేళ్ళు నుజ్జయ్యాయి. మేస్త్రి వచ్చి పగిలిన తలుపు చూశాడు, అమ్మమ్మ కుడిచేతి కట్టు చూశాడు, తాత కాలు చూశాడు. ఈసారి నవ్వలేదు.

"రెండొందల తలుపులు బిగించాను. నీది ఏ చెయ్యి అని ఒక్కరినీ అడగలేదు" అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

నాలుగు రోజులకు కొత్త తలుపు తెచ్చాడు. దానికి బందులే లేవు. అటూ ఇటూ రెండు గాడులు, పైన కప్పీ, గొలుసు, వెనక బరువు. కింద మీట తొక్కితే తలుపు తిన్నగా పైకి పోతుంది. రెండు పక్కలా ఏ అడ్డూ ఉండదు.

"మీట వదిలితే మెడమీద పడుతుందా?" అని ఆశగా అడిగింది అమ్మమ్మ.

"లేదమ్మా, మధ్యలో ఆగుతుంది" అన్నాడు మేస్త్రి, ఒకడుగు వెనక్కి వేసి.

ఆమె తొక్కింది. ఎడమచేత్తో వెనక గోడ దాకా పది కట్టెలు పెట్టింది. మోచేతికి ఎక్కడా ఇనుము తగల్లేదు. చెయ్యి చాచింది, ముడిచింది. ముడుస్తుంటే పచ్చి చర్మం బిగుసుకుంటోంది. నమ్మకం కుదరక, కర్ర ఊతంతో పక్కనే నిలబడ్డ తాత కుడి చెంప మీద ఒక్కటి అంటించింది.

"ఇదెందుకే?"

"వంగుతోందో లేదో చూసుకోవద్దూ?"

తాత చెంప రుద్దుకున్నాడు. తర్వాత ఆ మోచేతిని తనవైపు లాక్కుని, వాతల మీద మెల్లగా ఊదాడు.

"వంగుతోంది" అన్నాడు. "బానే వంగుతోంది."