పిన్ని కొప్పులో కంకులు

గుడివాడ నుంచి పెదపారుపూడి వెళ్లే రోడ్డులో ఒక విత్తన కంపెనీలో పనిచేసేదాన్ని. గాలివానకు పడిపోని వరి తయారుచేయడం మా పని. బయటి జన్యువేదీ కలపం. వరికి ఉన్న జన్యువునే ఒకచోట కత్తిరించి సరిచేస్తే కాండం మందంగా, గట్టిగా వస్తుంది. ఆ మొక్కలు వల కప్పిన షెడ్డులో పెరిగేవి. ఇంకా అనుమతి రాలేదు కాబట్టి ఒక్క గింజ కూడా బయటికి పోకూడదు.

షెడ్డులో నాట్లు, కలుపు చూసే ఆవిడను పిన్నీ అనేదాన్ని. ఊళ్లో ఎకరన్నర కౌలుకు చేసేది. కోతల ముందు తుఫాను వచ్చి ఆమె చేనంతా నీళ్లలో పడిపోయింది, కంకులు మొలకెత్తాయి. షెడ్డు వల చిరిగి గాలి సూటిగా కొట్టినా మా వరి నిలబడింది. నేను మురిసిపోతూ ఫొటోలు తీసుకున్నాను.

"ఒక్క గుప్పెడు ఇప్పించండి మేడమ్. వచ్చే సార్వా పంటకి వేసుకుంటాను."

"కుదరదు పిన్నీ. పరీక్షకి కొన్ని ఉంచి, మిగతావి కాల్చేయాలి."

"నిలబడ్డ వరిని కాలుస్తారా?"

కాల్చాం. మోపులు ఆమె చేతే మోయించాను.

పని దిగి వెళ్తుంటే గేటు దగ్గర ఆమె కొప్పులోంచి గింజ రాలింది. కూలీలంతా చూస్తున్నారు. కొప్పు విప్పమన్నాను. ఆమె కదల్లేదు. నేనే చెయ్యివేసి పిన్నులు లాగాను. రెండు కంకులు కిందపడ్డాయి. ఆమె తలవంచుకుని జుట్టు పోగుచేసుకుంది.

"రేపట్నుంచి రావద్దు," అన్నాను. మేనేజర్ మెచ్చుకున్నాడు. నాకు సంతోషంగానే ఉంది.

వారం తర్వాత ఆ కంకుల్ని పరీక్షచేస్తే మామూలు వరి అని తేలింది. పోలిక కోసం తలుపు పక్కన వేసిన వరుసలోవి. గోడ చాటున ఉండి నిలబడ్డాయి, అంతే.

పిన్ని వాళ్ల ఊరు వెళ్లాను. మొలకెత్తిన ధాన్యం రోడ్డు మీద ఆరబోస్తోంది. విషయం చెప్పాను.

"అయితే మీ వరేదీ నేను ఎత్తుకెళ్లలేదన్నమాట. ఆ మాట గేటు దగ్గర, వాళ్లందరి ముందూ చెప్తారా?"

"మేనేజర్ ఒప్పుకోడు."

"మరి పనిలోకి రానిస్తారా?"

"వేరే మనిషిని పెట్టుకున్నాం."

క్షమించమని అడగడానికే వెళ్లాను. అడగకుండానే స్కూటీ వెనక్కి తిప్పాను.