ఇంజనుకు పదిహేడు అడుగుల దూరంలో

నా చిన్నప్పుడు, అంటే 1969లో, తెలంగాణ ఉద్యమం వల్ల బడులు మూతబడి ఐదో తరగతి మధ్యలో ఇంట్లో కూర్చున్న రోజుల్లో, మా కుక్క మోతికి ధైర్యం నేర్పే పని నెత్తినేసుకున్నాను. మా ఊరు తొర్రూరుకు ఆరు మైళ్లు. ఊరి బయట మా బావి మీద బాపు కొత్తగా ఆయిల్ ఇంజను పెట్టించాడు. పక్క బావి మీది ఇంజను పట్టాను, అంటే బెల్టును, దొంగలు ఎత్తుకుపోయాక, మా దాని కావలికి మోతిని తెచ్చాడు.

అది మంచి కుక్కే. కానీ వచ్చిన రెండో రోజు ఇంజను నీడలో పడుకొని ఉండగా, బాపు చూసుకోకుండా హ్యాండిల్ వేసి తిప్పాడు. ఆ మోతకు అది ఎగిరిపడి పల్లి చేను దాటి పరుగెత్తింది. ఆనాటి నుంచి ఇంజను ఆగి ఉన్నా దగ్గరికి వచ్చేది కాదు. దూరాన గట్టు మీద నిలబడి వణికేది. "గిది కావలికుక్కనా, కుందేలా?" అని బాపు విసుక్కున్నాడు. మూడు వారాలు చూస్తానని, అప్పటికీ ఇంజను నడుస్తుండగా దాని దగ్గర నిలవకపోతే తొర్రూరు వారపు అంగడిలో వదిలేసి వస్తానని చెప్పాడు. ఆయన అన్నాడంటే చేసేవాడే.

గట్టు నుంచి ఇంజను దాకా అడుగులు లెక్కపెట్టాను. ఎనభై నాలుగు. ఉన్నవి ఇరవై ఒక్క రోజులు. రోజుకు నాలుగు అడుగులు ముందుకు తెస్తే చాలు. శేషం లేకుండా భాగహారం వచ్చినందుకే సగం పని అయిపోయినంత సంబరపడ్డాను. రొట్టె ముక్క చూపిస్తూ మూడు రోజులు లెక్క ప్రకారమే తెచ్చాను. నాలుగో రోజు అది కదలలేదు. మెడకు తాడు కట్టి గుంజాను. మట్టిలో గోళ్ల గీతలు పడేలా అది వెనక్కి లాగింది. చివరికి తాట్లోంచి తల తప్పించుకొని పోయి, సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక నా చేతి రొట్టె ముట్టలేదు. అంతవరకు దానికి ఇంజనంటేనే భయం. ఇప్పుడు నేనన్నా భయమే.

మా మేనత్త బాపుకు అక్క. భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. పాడి అంతా ఆమెదే. తొలిసారి ఈనబోయే బర్రెకు నెల ముందు నుంచే రోజూ పొదుగు నిమురుతూ చెయ్యి అలవాటు చేసేది. బర్రె కాలు ఎత్తబోతోందని కనిపెట్టి, ఎత్తకముందే చెయ్యి తీసేది. ఆమె అలవాటు చేసిన బర్రె తన్నగా నేను చూడలేదు. నేను ఏడుస్తూ నా లెక్క చెబితే మొత్తం వింది.

"లెక్క మంచిగనే ఉన్నది బిడ్డా. రోజుకు నాలుగు అడుగులని మోతికి ఎవలు చెప్పిండ్రు?" అంది.

మర్నాడు అత్త మోదుగాకులు, పుల్లలు తీసుకొని బావికి వచ్చింది. గట్టు అవతల, తొంభై అడుగులకు పైనే, మోతికి వీపు పెట్టి కూర్చొని విస్తర్లు కుట్టసాగింది. నన్నూ దాని వైపు చూడవద్దంది. అవతల ఇంజను నడుస్తోంది. మోతి వచ్చి పక్కన పడుకుంటే, తల తిప్పకుండానే రొట్టె ముక్క వేసింది. అది తింటే మరుసటి రోజు కొంచెం ముందుకు జరిగి కూర్చునేది. దాని చెవులు వెనక్కి వాలితే మాత్రం ఆకులు ఎత్తుకొని తానే వెనక్కి వచ్చేది.

"అది ఉరికినంక మనం ఎన్కకు వస్తె ఏం లాభం? దానికంటె ముందుగాల మనమే రావాలె. గప్పుడు దానికి ఉరికే పని పడదు" అనేది.

ఒకరోజు ఆరు అడుగులు ముందుకు, ఒకరోజు ఉన్నచోటే, ఒకరోజు పది వెనక్కి. నా భాగహారం ఎప్పుడో చెడిపోయింది. గడువు దగ్గర పడేకొద్దీ నాకు అన్నం సహించేది కాదు. అత్తకు మాత్రం తొందర లేదు.

ఇరవై ఒకటో రోజు బాపు వచ్చి తానే ఇంజను తిప్పాడు. మోతి లేచి నిలబడింది. తోక కాళ్ల మధ్యకు పోయింది. అత్త ఆకులు ఎత్తుకొని వెనక్కి నడిచింది. నేనూ నడిచాను. మోతి మా వైపు చూసింది, ఇంజను వైపు చూసింది. మా వెంట రాలేదు. వణుకుతూనే ఉన్నచోట కూర్చుంది.

ఎంత దూరమని బాపు నన్నే అడిగాడు. తగ్గించి చెప్పాలనిపించింది కానీ నోరు రాలేదు. పదిహేడు అడుగులన్నాను.

"ఇంజన్ కాడ నిలవాలన్న గదనే అక్కా. ఇంక పదిహేడు అడుగులున్నదట" అన్నాడు బాపు.

"ఉండనీయ్ తమ్మీ. దొంగలొస్తె గాడ్నుంచి మొరిగితె ఇనబడదా? నువ్వు కొత్తల్ల మీ అత్తగారింటికి పోయినప్పుడు ఎంత దూరంల కూసున్నవో యాదిలేదా?"

బాపు ముఖం పక్కకు తిప్పుకొని ఇంజను తుడవసాగాడు. మర్నాడు తొర్రూరు అంగడికి ఒక్కడే పోయాడు.

మోతి ఎనిమిదేళ్లు బావి దగ్గర కావలి ఉంది. మా పట్టా ఎన్నడూ పోలేదు. ఇంజను నడుస్తుంటే తొమ్మిది అడుగుల కంటే దగ్గరికి మాత్రం అది ఏనాడూ రాలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా.

తర్వాత నేను లెక్కల టీచరుగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. బోర్డు దగ్గరికి పిలిస్తే చేతిలో చాక్‌పీసు వణికే పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉండేవారు. వాళ్ల కళ్లు తలుపు వైపు పోకముందే నేను కిటికీ దాకా వెళ్లి బయటికి చూస్తూ నిలబడేదాన్ని. కొందరు ఆ రోజే లెక్క చేసేవారు. కొందరికి దసరా దాటేది. ఇప్పటికీ నా ఎదుట ఎవరైనా బెదిరి బిగుసుకుపోతే ముందు నేనే ఒక అడుగు వెనక్కి వేస్తాను. వాళ్లకు ఎన్ని రోజులు పడుతుందో మాత్రం రాసిపెట్టుకోను.