ఫ్యూజు డబ్బాలో గంధం

మునిరామయ్య చిత్తూరులో కార్లకు కరెంటు పని చేసేవాడు. బస్టాండు వెనక సందులో రేకుల షెడ్డు, దాని ముందు ఒక బెంచీ. అదే సందులో అద్దెకుండేవాణ్ణి కాబట్టి పొద్దున పేపరు ఆ బెంచీ మీదే చదివేవాణ్ణి. ఆయన ఇంజను జోలికి పోడు. లైట్లు, హారను, సెల్ఫు, అంతే. వచ్చిపోయే జబ్బు అయితే ఊళ్ళో మిగతా మెకానిక్కులు కూడా బండిని ఆయన దగ్గరికే పంపేవాళ్ళు. పూర్తిగా ఆరిపోయిన లైటును ఎవరైనా బాగుచేస్తారు. ఒకసారి వెలిగి ఒకసారి ఆరేది మెకానిక్కు ముందుకొస్తే ఏ జబ్బూ లేనట్టు వెలుగుతుంది.

ఆయన దగ్గర రెండు వైర్లు కట్టిన చిన్న బల్బు ఉండేది. ఒక వైరు బండి బాడీకి తగిలించి, రెండోదాన్ని బ్యాటరీ మొదలుకొని ఒక్కో జాయింటుకూ ఆనించుకుంటూ పోయేవాడు. బల్బు వెలిగినంతవరకూ కరెంటు వస్తున్నట్టు. ఆరిన చోట జబ్బు. "అది నా కంటికి కనపడేదాకా బండి ఈడనే ఉండాల" అనేవాడు.

1998లో మామిడికాయల కాలంలో జయరావు తన అంబాసిడర్ తెచ్చాడు. సొంత టాక్సీ, పాతది. నడుస్తుండగా హెడ్‌లైట్లు ఆరిపోయి, కాసేపటికి వాటంతట అవే వస్తున్నాయి.

"ఆరినప్పుడు గుంతలో ఏమైనా పడిందా అప్పా?"

"లేదు ణా, మంచి రోడ్డే. శానాసేపు లైట్లేసుకొని పోతే ఆరతాయి. ఈడికొస్తే సూడు, నిన్ను సూసి భయపడి ఎలగతాండాయి."

"నా మొగం అట్లాంటిది లే. మీ వదిన గూడా అదే అంటాది."

రెండు రోజులు చూశాడు, బ్యాటరీ దిగిపోతుందని లైట్లను ఒక్కోసారి ఐదు నిమిషాలకు మించి వెలగనివ్వలేదు. కాలితో నొక్కే డిప్ స్విచ్చి మార్చాడు. బాడీకి బిగించిన ఎర్తు వైర్లు విప్పి గీకి మళ్ళీ బిగించాడు. ఫ్యూజు రెండు కొసలకూ బల్బు ఆనించాడు. రెండు వైపులా వెలిగింది. ఫ్యూజును మాత్రం పీకి చూడలేదు. ఏటా దసరాకు, ఆయుధ పూజ నాడు, టాక్సీ స్టాండులోని బండ్లన్నీ ఆ షెడ్డు ముందుకు వచ్చేవి. స్టీరింగుకు, బానెట్టుకు డ్రైవర్లు బొట్లు పెట్టుకునేవాళ్ళు. ఫ్యూజు డబ్బా మూత తీసి, లోపల చిక్కటి గంధం మెత్తి కుంకుమ పెట్టడం మునిరామయ్య వంతు. మరుసటి దసరా దాకా దాన్ని ఎవరూ తుడిచేవాళ్ళు కాదు. ఆయన కూడా తుడవలేదు.

మూడో రోజు జయరావుకు బాడుగ వచ్చింది. జబ్బు ఇంకా కంటికి కనపడలేదు. "తీసకపో, ఇంక రాదనుకుంటా" అన్నాడు మునిరామయ్య.

తొమ్మిది రోజులకు జయరావు పలమనేరులో మనుషులను దించి ఒక్కడే తిరిగి వస్తూ, పొద్దుగూకినాక బంగారుపాళ్యం దగ్గర రోడ్డు పక్కన నిలిచున్న మామిడికాయల లారీని గుద్దాడు. అక్కడికక్కడే పోయాడు. తాగి నడిపాడని లారీవాళ్ళు అన్నారు. స్టాండులోనూ అదే మాట. అతని భార్య చెంగమ్మ పనిచేసే బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు ఆమె ఎదురుగానే అన్నారు, బస్సులో ఆమె పక్కన కూర్చోవడం మానేశారు.

మునిరామయ్య ఎప్పటిలాగే పని చేసుకున్నాడు. నెల తర్వాత పోలీసులు వదిలిన బండిని చెంగమ్మ పాత ఇనుము కొట్టుకు అమ్మేసింది. అది తెలిసి ఆయన ఒక బ్యాటరీ, రెండు కొత్త హెడ్‌లైట్ బల్బులు సంచిలో వేసుకుని నన్నూ రమ్మన్నాడు.

కొట్టులో పడి ఉన్న బండి ముందు భాగం నుజ్జయింది. ఫ్యూజు డబ్బా ఇంజను వెనక రేకుకు ఉండటంతో చెక్కుచెదరలేదు. తెచ్చిన బ్యాటరీ తగిలించి ఫ్యూజుకు చిన్న బల్బు ఆనిస్తే రెండు వైపులా వెలిగింది. తర్వాత పెద్ద బల్బులు కలిపాడు. అవీ వెలిగాయి. ఇద్దరం ఒక టైరు మీద కూర్చున్నాం. పావుగంటకు ఆరిపోయాయి.

ఫ్యూజు పీకాడు. దాన్ని పట్టుకునే ఇత్తడి రెక్కల్లో గంధం ఎండి పొరకట్టింది. దాని కింద పచ్చగా చిలుం.

"సిన్న బల్బుకు రవ్వంత కరెంటు సాలు, ఎలిగింది. పెద్ద లైట్లకు సాల్లే. ఈడ కాగి కాగి యిడిసిపెట్టింది" అన్నాడు. ఎండిన గంధాన్ని గోటితో గీకి, "ఇది నేను పెట్టిందే" అన్నాడు, బస్సు నంబరు చదివినట్టు.

ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. నేను ఊరుకోమనీ అనలేదు, చెప్పమనీ అనలేదు. ఆయన స్క్రూలు విప్పి డబ్బాను సంచిలో వేసుకున్నాడు.

మరునాడు పొద్దున్నే, ఫ్యాక్టరీకి పోకముందే చెంగమ్మ ఇంటికి పోయాం. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చెప్పాల్సింది నిలబడే చెప్పాడు. "పీకి సూసింటే తెలిసేదిమ్మా. బొట్టు సెరపడమెందుకని పీకలే."

ఆమె చేతులు ఆగలేదు. "అయితే ఆయప్ప తాగలేదా?"

"అది నాకు తెలీదు. లైట్లు మాత్రం ఆరినాయి."

"నాకొక్కదానికే సెప్పి ఏం లాభం ణా? స్టాండులో సెప్పు. ఫ్యాక్టరీ కాడ గూడా సెప్పు."

గింజలు తీసిన చింతపండు చాటలోకి ఎత్తుకుని లోపలికి పోయింది.

అక్కణ్ణుంచి స్టాండుకు పోతే పదిమంది ఉన్నారు, మునిరామయ్య డబ్బా చూపించి అంతా చెప్పాడు. అందరిలోకీ పెద్ద డ్రైవరు దొరస్వామి డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దేవునికి పెట్టిన గంధం మనిషిని సంపుతుందా? ఏం మాట్లాడతాండావు మునిరామా?"

"దేవుడు పెట్టలే మామా. నేను పెట్టినా."

"గట్టిగా అనొద్దబ్బా, పోలీసోళ్ళు లోపలేస్తారు" అన్నాడు ఇంకో డ్రైవరు.

"ఏసుకోనీ."

"మా బండ్లకు పెట్టింది గూడా నువ్వే గదా?"

"అవును. తీసకరండి, పీకి తుడుస్తా."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఒక్కరూ బండి కదపలేదు. తర్వాత వారంలో నలుగురు వచ్చారు. మిగిలినవాళ్ళు వేరే షెడ్డు చూసుకున్నారు.

స్టాండులో చెప్పిన సాయంత్రమే మునిరామయ్య నన్ను వెంటబెట్టుకుని బంగారుపాళ్యం బస్సెక్కి, షిఫ్టు వదిలే వేళకు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాడు. ఆడవాళ్ళు బయటికి వస్తుంటే అవే మాటలు చెప్పాడు. కొందరు వినకుండానే బస్సుకు పరిగెత్తారు. క్యారియరు పట్టుకున్న ఒకామె మాత్రం ఆగింది.

"అయితే తప్పు నీదేనా?"

"నాదే."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. గేటులోంచి చెంగమ్మ వస్తోంది. "రాయే చెంగీ, సీటు పడతా" అని కేకేసి బస్సెక్కింది. చెంగమ్మ మునిరామయ్య పక్కనుంచే పోయి బస్సులో ఆమె పక్కన కూర్చుంది.