సారు ఇంగ్లీషు తిట్లు

మా నాటకం సారు పోయారు. రాయదుర్గం మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. ఆయన భార్య. "మీ సారు పోయిండు బిడ్డా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. స్టేషన్ పక్కనున్న అద్దాల మేడ ఏడో అంతస్తులో, మా ఆఫీసులో, ఆ సమయానికి కూడా ఆయన గొంతు ఎవరినో తిడుతూనే ఉంటుంది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను.

ఆయన జనగామ వైపు సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. సెలవు దొరికితే స్టేజీ ఎక్కేవారు. పౌరాణికాల్లో రాజుగా మీసం తిప్పిన ఆయనే మర్నాడు జడ వేసుకుని రాణిగా జనాన్ని ఏడిపించేవారట. సినిమాల్లో పూజారి, జడ్జి, సీరియళ్లలో మామగారు, ఒకసారి శవం కూడా. తెర మీద పేరు ఒక్కసారీ పడలేదు. "శవానికి పేరెందుకన్నరు. బతికున్న వేషాలకు గూడ వెయ్యలే" అని నవ్వేవారు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

తర్వాత పుప్పాలగూడ పాత ఊళ్లో కిరాయి గదిలో దిగి, మా కాల్ సెంటర్‌లో చేరారు. కొత్త పిల్లల ట్రైనింగ్ కోసం అమెరికా కస్టమర్‌గా నటించి వాళ్లను ఫోన్లో తిట్టడం ఆయన పని. టెక్సాస్ రైతు, బిల్లు అర్థంకాని ముసలమ్మ, తొందరలో ఉన్న డాక్టరు, అందరూ ఆయనే. కొత్తగా చేరి నిజాంపేట హాస్టల్ నుంచి వచ్చే రోజుల్లో నేను ఆ ముసలమ్మ తిట్లు తిని బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. బయటికొస్తే ఆయన నాకోసం చాయ్ పట్టుకుని నిలబడి ఉన్నారు. "కోపం గొంతుల ఉండదు బిడ్డా. నా మాట ఎవ్వలు ఇంటలేరన్న బాధల ఉంటది. ముందుగాల అది ఇను" అన్నారు. ఈ ఉద్యోగంలో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే.

రోజూ ట్రైనింగ్ గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కార్పెట్‌ను తాకి కళ్లకద్దుకునేవారు, స్టేజీ ఎక్కే ముందు చేసినట్టే. పిల్లలు కిసుక్కుమనేవారు. ఇంట్లో సాధన చేస్తుంటే ఆయన భార్య, నాకు అమ్మే, పొయ్యి దగ్గర్నుంచి "అట్ల ఒర్రకు, గొంతు పోతది" అని కేకేసేది. ఆయన ఇంకాస్త గట్టిగా అందుకునేవారు.

ఇక నేను చేసిన పాపం. ఆయన వేషాలన్నీ రికార్డు చేయాలని కంపెనీకి బుద్ధి పుట్టింది. ఒప్పించే పని నాకు అప్పజెప్పారు. "మీకు శ్రమ తగ్గుతుంది సార్" అని నమ్మబలికాను. వారం రోజులు గాజు గదిలో కూర్చోబెట్టి అన్ని గొంతులూ పిండుకున్నారు. పై నెలలో ఇక రావద్దన్నారు. ఆ ముక్కా నాతోనే చెప్పించారు. "నా వేషాలు నాకొక కాపీ ఇస్తరా?" అని మాత్రం అడిగారాయన. ఇవ్వలేదు.

ఏడాది తిరక్కుండానే గొంతుకు జబ్బు. దవాఖానలో ఆపరేషన్ చేసి గొంతు తీసేశారు. చివరిదాకా పలక మీద రాసి మాట్లాడారు, బడిపిల్లాడిలా.

ఆయన పోయిన మూడో రోజున అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆయన గొంతు మీ ఆఫీసుల ఉన్నది గద. ఒక్కపారి ఇనిపిస్తవా?"

"అందులో అన్నీ ఇంగ్లీషు తిట్లేనమ్మా."

"తిట్టనియ్ బిడ్డా. ఆయన గొంతే గద."

మా మేనేజర్‌ను అడిగాను. "అది కంపెనీ ప్రాపర్టీ అండి, బయటికి ఇవ్వలేం. అయినా ఆయన ఎంప్లాయీ కాదు కదా, వెండర్" అన్నాడు, కంప్యూటర్ మీద నుంచి కళ్లు తిప్పకుండానే. జీవితమంతా స్టేజీ మీద అరగదీసుకున్న గొంతు వీళ్లకొక ఫైలు. నిన్నగాక మొన్న చేరిన పిల్లలు ఆయన తిట్లు వినొచ్చు, కలిసి కాపురం చేసిన మనిషి వినకూడదు. సిగ్గుండాలి. వాళ్లకూ, వాళ్ల జీతం తింటున్న నాకూ.

ట్రైనింగ్ గదిలోకి ఫోన్ తేకూడదు. ఇన్నేళ్లూ బుద్ధిగా లాకర్‌లో పెట్టి వెళ్లాను. సోమవారం పెట్టలేదు. ఇది చదివి ఉద్యోగం ఊడబీకితే ఊడబీకనీ.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచాను. లోపల ఒక కొత్తమ్మాయి జవాబుల కాగితం పట్టుకుని కూర్చుని ఉంది. అమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పక్కన పెట్టి, సారు రికార్డు నొక్కాను. టెక్సాస్ రైతు మొదలెట్టాడు. గదంతా దద్దరిల్లింది. ఆ అమ్మాయి కాగితం చూసి "సారీ సర్, సారీ సర్" అంటోంది. మా వాళ్లెవరూ ఆయనకు చెప్పని మాట, ఆయనెవరో తెలియని పిల్ల చెబుతోంది.

అప్పుడు ఫోన్లోంచి అమ్మ గొంతు వినిపించింది, పొయ్యి దగ్గర్నుంచి కేకేసినట్టే.

"అట్ల ఒర్రకయ్యా. గొంతు పోతది."

సారు ఇంకాస్త గట్టిగా అందుకున్నారు.