బల్ల రసానికి ఎరుపు

బెంగాలీల నడుమ, కిద్దర్‌పూర్ రేవులో క్రేను నడిపే సాల్మన్ రాజుకి రెండు గర్వాలు. ఒకటి, క్వార్టర్సులో తెలుగువాళ్ళెవరికీ లేని ఫ్రిజ్ తన ఇంట్లో ఉండడం. రెండోది, తెలుగు క్రైస్తవుల గుడిలో నెలకోసారి జరిగే ప్రభువు బల్లకి ద్రాక్షరసం తన ఇంటినుంచే వెళ్ళడం. తండ్రి హయాంనుంచీ అది వాళ్ళింటి పని. నల్లద్రాక్ష పిండి, మరిగించి, వడగట్టి సీసాకెత్తుతారు. పులియనివ్వరు. ఆ గుడిలో మద్యం పేరెత్తితే పెద్దలు చెవులు మూసుకునేవారు; సంఘపెద్ద సాల్మన్ రాజయితే ఎత్తినవాడి నోరే మూయించేవాడు.

మరియదాసు చేత తాగుడు మాన్పించింది ఆయనే. రేవులో మూటలు మోసే మరియదాసు ఒకప్పుడు జీతమంతా బంగ్లా సారా కొట్టుకి సమర్పించి ఇంటికి వచ్చేవాడు. సాల్మన్ రాజు వెంటపడి, తిట్టి, బతిమాలి మనిషిని చేశాడు. గుడిలో కప్పులు కడిగే పని కూడా ఇప్పించాడు. బల్లలో మిగిలిన రసం కాలవలో పొయ్యకూడదు, కడిగేవాడే తాగెయ్యాలి. అది అక్కడి ఆచారం.

కమ్యూనిస్టుల ఎర్రజెండా సర్కారు వచ్చిన తొలి ఏళ్ళవి. ఆ వేసవిలో బజారులో ద్రాక్ష అయిపోతే, బల్లకి వారం ముందే సాల్మన్ రాజు కిస్మిస్ నానబెట్టి మరిగించాడు. తియ్యగానే ఉంది గానీ రంగు టీ నీళ్ళలా ఉంది. ప్రభువు రక్తానికి గుర్తుగా ఇచ్చేది టీరంగులో ఉంటే తన పరువేం కావాలి? ఈస్టరుకి మిగిలిన నల్లద్రాక్ష రసం ఫ్రిజ్‌లో ఉంది. అది తీసి కలిపాడు. చక్కటి ఎరుపు తేలింది. మళ్ళీ మరిగిస్తే రంగు చెడుతుందని పొయ్యిమీద పెట్టలేదు. ఈ నెలకొకటి, పై నెలకొకటి అని రెండు సీసాలు నింపి ఫ్రిజ్‌లో దాచాడు. లోడ్‌షెడ్డింగ్ రోజులు కదా, ఆ ఫ్రిజ్ సగం పొద్దు ఉత్త అలమారే. ఎరుపు చూసుకున్న మురిపెంలో మహానుభావుడికి ఆ సంగతి తట్టలేదు.

ఆదివారం అందరూ చిట్టికప్పుల్లో గుక్కెడు తాగారు. సాల్మన్ రాజు నాలుకకి కాస్త పుల్లగా తగిలింది; కిస్మిస్ గుణం అనుకున్నాడు. ఉపవాసంతో ఉన్న మరియదాసు మాత్రం మిగిలిన అర సీసా కడుపులో పోసుకున్నాడు. గుడి మెట్లమీద తూలాడు. సాల్మన్ రాజు ముక్కు వాసన పట్టేసింది.

"తాగేవా?"

"నేదన్నియ్యా, ఒట్టు! బల్ల రసమే తాగేను."

"సిగ్గునేదురా? నీ తాగుడు బల్లమీదకి తోసేత్తావా!"

సంఘం కూర్చుంది. మరియదాసుకి మూడు నెలలు బల్ల లేదన్నారు. ఆ తీర్పు అందరిముందూ చదివింది సాల్మన్ రాజే.

పై బల్లకి ముందురోజు ఆయన రెండో సీసా మూత కదిపాడో లేదో, అది ఎగిరి గోడకి కొట్టుకుంది. నురగ చొక్కామీదకి పొంగింది. భార్య దయమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏటండీ ఇది? సారా కొట్టు వోసనొత్తంది!"

ఆయన వేలు ముంచి నాకాడు. వంటింటి గచ్చుమీద చతికిలబడ్డాడు. పాపం, మరియదాసు ఉన్నమాటే చెప్పాడు. చెప్పినందుకు తిట్లు కూడా తిన్నాడు. సాల్మన్ రాజు సిగ్గుతో చితికిపోయాడు, కట్టుకున్న భార్య మొహంకూడా చూడలేకపోయాడు.

"పారబోసీండి. ఎవుళికి తెలుత్తాది?" అంది దయమ్మ కిటికీ మూస్తూ.

పారబోశాడు. కిస్మిస్ కొత్తగా మరిగించి, టీరంగు రసమే గుడికి పట్టుకెళ్ళాడు. దారి పొడుగునా నోరు విప్పకూడదనే అనుకున్నాడు. కప్పుల పళ్ళెం పట్టుకుని వరసలన్నీ తిరిగి ఆఖరి బెంచీ దగ్గరికి వచ్చాడు. అక్కడ మరియదాసు తల వంచుకుని, పళ్ళెం తనని దాటిపోవడానికి దారిస్తూ మోకాళ్ళు పక్కకి జరిపాడు. అది చూసి సాల్మన్ రాజు గుండె తరుక్కుపోయింది.

"ఈడు తాగనేదు," అన్నాడు గుడంతా వినబడేలా. "నా రసమే పులిసింది. రంగు కోసం పాతది కలిపేను. ఉన్నమాట సెప్తే నేనే ఈడి నోరు మూసేను."

గుడంతా ఒక్కసారిగా నవ్వేసింది. "అయితే అందరం తాగేసినట్టేనా అన్నియ్యా!" అన్నారెవరో. పాస్టరు అయ్యగారు కూడా నవ్వి, "పొరపాటు ఎవరికైనా వస్తుంది పెద్దాయనా. మీరూ తీసుకోండి" అన్నారు.

మరియదాసు భార్య దెబోరా నవ్వలేదు. "మా ఆయనికేమో మూడు నెల్లు. తవఁరికి నవ్వులు," అంది.

 సాల్మన్ రాజు వంగి మరియదాసు ముందు పళ్ళెం పట్టాడు. "తీసుకో తమ్ముడా" అన్నాడు.

మరియదాసు కప్పు నోటిదాకా తెచ్చి ఆగాడు. భయంభయంగా వాసన చూశాడు. అప్పుడు తాగాడు.

ఆ నెలా, పై రెండు నెలలూ సాల్మన్ రాజు బల్ల ముట్టలేదు. ఎవరూ అడగని ఆ శిక్ష తనకి తనే వేసుకున్నాడు. మరియదాసు మాత్రం, తర్వాత ఎన్నేళ్ళు గడిచినా, ఆయన చేతినుంచి కప్పు అందుకుంటే ముందు వాసన చూసే తాగేవాడు.